నాలుకల గడప

"అక్కడికే వస్తున్నానమ్మా పాపా, ఈ అవ్వను తొందరపెట్టకు. తిప్పన్న రాకుమారుడికి చీర కట్టినకాడికి రాసినావు గదా? దాని కింద నుంచి రాసుకో."

ఇందుపుర రాజ్యం ధూమకేశుడి చేతిలో పడింది. వాడు మాంత్రికుడు. వాడి తలవెంట్రుకల్లోంచి ఎప్పుడూ పొగ లేస్తూ ఉంటుంది. రాజుగారిని కొలువుకూటంలోనే రాతి స్తంభంగా మార్చి, ఆ స్తంభానికే తన గుర్రాన్ని కట్టేసుకుంటున్నాడు. ఆ రాయి మళ్ళీ మనిషి కావాలంటే రాజుగారి కొడుకు రత్నాంగదుడు ప్రాణాలతో బయటపడి, వజ్రకూట రాజ్యం అవతలి అడవిలో ఉన్న శ్వేతమునిని చేరుకోవాలి. ఆ సంగతి ధూమకేశుడికీ తెలుసు. అందుకే ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టిస్తున్నాడు. పొదకు పొగ పెడితే కుందేలు బయటికి దూకినట్టు, ఏదో ఒక గుంపులో కలిసి రాకుమారుడు సరిహద్దుకు రాక తప్పదని వాడి నమ్మకం.

రాకుమారుడు వచ్చాడు. పచ్చచీర కట్టుకొని, కాళ్ళకు పసుపు, మొహానికి రంగు పూసుకొని, మేకవెంట్రుకల సవరంతో జడ వేసుకొని, మొహం నిండా ముసుగు దించుకొని వచ్చాడు. ఆ ముస్తాబంతా తిప్పన్నది. తిప్పన్న పగటివేషగాడు. ఊరూరా తిరిగి ఒకరోజు శివుడుగా, ఒకరోజు షావుకారుగా, ఒకరోజు గయ్యాళి అత్తగా వేషం కట్టి, ఇంటింటి ముందు ఆడి, పెట్టింది తిని బతికే మనిషి. వాడికి మిగిలింది ముసలితల్లి ఓబులమ్మ ఒక్కతే. తల్లినీ రాకుమారుణ్ణీ సరిహద్దు గడప దాటించాలి. వాడికి వేరే ఆలోచన లేదు.

"సామీ, అడుగులు చిన్నగా వెయ్యండి. రథం దిగినట్టు నడస్తాండారు," అన్నాడు తిప్పన్న గొంతు తగ్గించి.

"ఈ కుచ్చిళ్ళు నన్ను చంపుతున్నాయి," అన్నాడు రాకుమారుడు ముసుగులోంచి.

"చంపేటోళ్ళు ముందరుండార్లే. కుచ్చిళ్ళనెందుకంటావు కోడలా," అంది ఓబులమ్మ.

"నన్ను కోడలా అనొద్దన్నానా!"

"పోనీ అల్లుడా అంటా. అప్పుడు చీరెందుకు కట్టినావని వాళ్ళడిగితే నువ్వే చెప్పుకో."

ఆ కనుమ పేరు కత్తెరకనుమ. రెండు కొండలు తెరిచిన కత్తెరలా ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒకటి నీలాల రాశి, ఒకటి కుంకుమ రాశి. పొద్దు వాలేకొద్దీ నీలికొండ నీడ ఎర్రకొండ మీదికి పాకి, రెండు రంగులూ కలిసి పండిన నేరేడుపండు రంగు తిరుగుతుంది. ఆ నడుమ నల్లరాతి ద్వారబంధం. దాని నిలువు కంబాల నిండా పద్మాలు, మకరాలు, మెడలు మెలివేసుకున్న హంసలు. ఇందుపురం ఆడపిల్లలను వజ్రకూటానికి కాపురానికి పంపేటప్పుడు తల్లులు పసుపు రాసి పూజ చేసిన గడప అది. ఇప్పుడు ఆ ద్వారానికి మామిడాకులు లేవు. మనుషుల ఎండిన నాలుకలు తోరణం కట్టి వేలాడుతున్నాయి. గాలి వీచినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి, ఎండు చింతకాయల్లా గలగలమంటున్నాయి.

తోరణం మీద నల్లరాతి గద్ద కూర్చొని ఉంది. రెక్కలో ఈకలు రాయి, గోళ్ళు రాయి, కళ్ళు మాత్రం తడి ఆరని కెంపులు. గడప చుట్టూ, ఇటు సగం అటు సగం వచ్చేటట్టు, సున్నంతో పెద్ద ముగ్గు గీసి ఉంది. ముగ్గు లోపల నిలబడి ఎవరైనా తమ కడుపులో లేని మాట నోటితో అన్నారా, రాతి గద్ద కెవ్వుమంటుంది. ముగ్గు బయట ఏం మాట్లాడుకున్నా దానికి పట్టదు.

గద్దకు ఎదురుగా, ముగ్గు గీత బయట పీట వేసుకొని కూర్చున్నవాడు కర్కటుడు. వచ్చేపోయే వాళ్ళను విచారించడానికి ధూమకేశుడు పెట్టిన అధికారి. వాడి కుడిచెయ్యి మణికట్టు దాకా మనిషిది, ఆపైన పీతది. కత్తెరలా రెండుగా తెరుచుకునే, చేట అంత గిట్ట. ఆ గిట్టతో వక్కలు కత్తిరించి నోట్లో వేసుకుంటూ, పెళ్ళిలో వడ్డన చేసేవాడిలా మెత్తగా మాట్లాడతాడు. గడప అవతల వజ్రకూటం బంట్లు బల్లేలు పట్టుకొని నిలబడి ఉన్నారు. గడప దాటి తమ నేల మీదికి వచ్చినవాణ్ణి ధూమకేశుడి మనుషులు ముట్టకూడదు, గడపకు ఇటువైపు ఉన్నవాణ్ణి తాము ముట్టరు. రెండు రాజ్యాల ఒప్పందం అది. దాటినవాళ్ళ చేతులు తిప్పి చూసి, కాయలు కాచిన చేతులైతే రాళ్ళు కొట్టే క్వారీకి, మెత్తటి చేతులైతే పశువుల దొడ్లకు తోలుతున్నారు.

వరసలో అందరికన్నా ముందు ఒక గొర్రెలకాపరి ముగ్గులోకి అడుగుపెట్టాడు.

"యాడికి నాయనా?" అన్నాడు కర్కటుడు.

వరసంతా ఉలిక్కిపడింది. బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. ఇందుపురంలో శత్రువు కూడా అలా అడగడు. కర్కటుడికి అది తెలిసే అడుగుతాడు.

"వజ్రకూటానికి సామీ."

"ఎందుకు?"

"ఇల్లు పోయింది సామీ."

"అయ్యో. ఎట్ల పోయింది? కాలిందా, కాల్చినారా?"

 కాల్చారంటే ధూమకేశుడి మీద నింద వేసినట్టు. దానికి శిక్ష అక్కడికక్కడే తల తీయడం. కాపరి నేల చూస్తూ, "దానంతట అదే కాలింది సామీ," అన్నాడు.

గద్ద అరిచింది. ఆ అరుపుకు గుంపులో గాడిదలు మోకాళ్ళ మీద పడ్డాయి. భటులు కాపరి దవడలు విప్పి పట్టుకున్నారు. గిట్ట టక్కున మూసుకుంది. కర్కటుడు చెయ్యి విదిలించి, "పాపం, మంచోడే. నిప్పును కాపాడబోయినాడు," అన్నాడు. భటులు నవ్వారు.

తరువాత చౌడప్ప అనే ముసలి నేతగాడు వచ్చాడు. వెంట అతని కోడలు, ఆమె చంకలో బిడ్డ. చౌడప్ప తెలివైనవాడు.

"ఎందుకు తాతా ఈ వయసులో?"

"ఉండేదానికి చోటు లేదు సామీ. చోటు వెతుక్కుంటా పోతాండాం."

కర్కటుడు పైకి చూశాడు. గద్ద మెదల్లేదు.

"మళ్ళా తిరిగొస్తారా? వచ్చి మా ఇల్లు, మా మగ్గం అని ఏలినవారి మీద పేచీ పెడతారా?"

"రాము సామీ. మాకింక ఆడేముంది?"

గద్ద మెదల్లేదు. కోడలు బిడ్డను గుండెకు అదుముకొని గడప దాటింది. చౌడప్ప ఒక కాలు ఎత్తి గడప మీద పెట్టాడు. అప్పుడు కర్కటుడు పీట మీంచి లేచి, చుట్టాన్ని సాగనంపేవాడిలా నవ్వి, "మంచిది తాతా. పోయి రండి," అన్నాడు.

చౌడప్ప వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. "పోయొస్తాం సామీ," అన్నాడు.

గద్ద అరిచింది.

ముసలాయనకు తాను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు. నోరు తెరిపించేదాకా అర్థం కాలేదు. అవతల కోడలు "మామా!" అని గడప మీదికి రాబోతే బంట్లు బల్లేలు అడ్డం పెట్టి, ఆమె చేతులు తిప్పి చూసి, క్వారీ వైపు తోసేశారు.

"మర్యాద తెలిసిన మనిషి," అన్నాడు కర్కటుడు కన్నీళ్ళు వచ్చేలా నవ్వుతూ. "ఎంతమందికైనా ఇదే మాట. పోయి రండి అంటే చాలు, పోయొస్తాం అంటారు! యాడికొస్తావురా, రానని ఇప్పుడే గదా చెప్పినావు?"

ముగ్గు బయట నిలబడి తిప్పన్న అంతా చూశాడు. వాడు తల్లిని దగ్గరకు లాక్కున్నాడు.

"అమ్మా, చూసినావా? వాడు పోయి రండి అంటే మనం పలకకూడదు."

"పలకకుండా ఎట్ల పోతాంరా? పోతాండా అనాల్నా? ఆ మాట పీనుగులకు గదరా!"

"ఏమీ అనొద్దు. నోరు మూసుకొని దాటు. కడుపులో రాననుకుంటా, నోటితో వస్తానంటే గద్ద అరస్తాది."

ఓబులమ్మ కొడుకు చెయ్యి పట్టుకొని, "మరి నిజంగా వచ్చేటోడంటేనో?" అంది.

"అరవదు," అన్నాడు తిప్పన్న. అని, అప్పుడు రాకుమారుడి వైపు చూశాడు. తండ్రి రాయైపోయిన ఆ పిల్లవాడు రాతిస్తంభం మొదలు పట్టుకొని, తిరిగొచ్చి విడిపిస్తానని ప్రమాణం చేసి బయలుదేరాడు. ఈ గుంపంతటిలో కడుపులోంచి పోయొస్తా అనగలిగిన మనిషి అతనొక్కడే. కర్కటుడు నాలుకల కోసం కూర్చోలేదు. నాలుకలు వాడి వినోదం. పోయొస్తా అన్నప్పుడు గద్ద అరవని ఒక్క మనిషి కోసం కూర్చున్నాడు.

"సామీ, ఏం జరిగినా నోరు విప్పొద్దు," అన్నాడు తిప్పన్న.

"నేను మూర్ఖుణ్ణనుకున్నావా?" అన్నాడు రాకుమారుడు.

ముగ్గురూ ముగ్గులోకి వెళ్ళారు.

"నువ్వెవరు నాయనా?"

"వేషాలు కట్టుకొని బతికేటోణ్ణి సామీ. ఈమె మా అమ్మ."

"ఆ ముసుగులో ఎవరు?"

"మగోడు సామీ."

భటుల చేతుల్లో కత్తులు కదిలాయి. తిప్పన్న నవ్వాడు. "మా ఆటలో ఆడవేషాలు మగోళ్ళే గదా సామీ కట్టేది. ఇది కోడలి వేషం. ముసుగు తీస్తే ఎండకు మొహం మీద రంగు కారిపోతాది. రాజు వేషానికైతే ఈయప్పను మించినోడు లేడు. కానీ ఇప్పుడు రాజు వేషం చూసేదానికి ఎవరికి ధైర్యముంది?"

కర్కటుడు గద్దను చూశాడు. గద్ద ఊరికే ఉంది. వాడి పెదవుల మీద నవ్వు పాకింది.

"ఎందుకు పోతాండారు?"

"ఆట చూసే ఊరు లేదు సామీ. ఆడితేనే మాకు ముద్ద."

"ఆట నాకూ ఇష్టమే. ఏదీ, ఒక ముక్క ఆడండి. అత్తాకోడళ్ళ ముక్క."

 ముగ్గులో నిలబడి ఆడాలి. ఆటలో మాటైనా కడుపులో లేనిదైతే గద్ద ఊరుకోదు. తిప్పన్న నోరు తెరిచేలోపే ఓబులమ్మ కొంగు నడుముకు బిగించి, రాకుమారుడి చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఏమే! ఒక ముద్ద వండడం చేతనైతాదా నీకు? ఒక కడవ నీళ్ళు మోసినావా పుట్టినాక? తెల్లారి ఎవరో ఒకరు లేపాల, ఎవరో ఒకరు కాళ్ళకు నీళ్ళు పోయాల! చీర కట్టుకోవడమన్నా వస్తాదా? అదీ నా కొడుకే కట్టినాడు! ఇట్లాంటి కోడలు నాకెందుకే దేవుడా?"

అందులో ఒక్కటి కూడా అబద్ధం కాదు. గద్ద రాయిలా కూర్చుంది. భటులు కడుపులు పట్టుకొని నవ్వారు. ముసుగు లోపల రాకుమారుడి పిడికిళ్ళు బిగుసుకున్నాయి. అది చూసి, "సిగ్గుపడతాంది, సిగ్గుపడతాంది!" అని ఒక భటుడు కేకవేశాడు.

"బాగుంది," అన్నాడు కర్కటుడు. "తిరిగొస్తారా?"

"నేను రాను," అన్నాడు తిప్పన్న. అప్పటికి అది వాడి కడుపులోని మాటే.

"నేను రాను నాయనా. ఈ కోడలైతే మళ్ళా జన్మలో ఈ గడప తొక్కదు," అంది ఓబులమ్మ.

గద్ద మెడ కొంచెం తిప్పింది. కెంపుకన్ను ఒకసారి మూసి తెరిచింది. కానీ అరవలేదు. ఆ కోడలు నిజంగానే రాదు. వచ్చేవాడు వస్తే రాజుగా వస్తాడు.

తిప్పన్న గడప దాటాడు. దాటి, చెయ్యి చాచి రాకుమారుడి చెయ్యి పట్టుకున్నాడు. రాకుమారుడు ఒక కాలు గడప మీద పెట్టాడు. ఓబులమ్మ అతని వీపు వెనకే ఉంది.

"మంచి ఆట. పోయి రండి," అన్నాడు కర్కటుడు.

అంతఃపురంలో ఉగ్గుపాలతోపాటు నేర్పిన మర్యాద అది. పెద్దవాళ్ళు పోయిరమ్మంటే ఆగి, తిరిగి, బదులు చెప్పి కదలాలి. రాకుమారుడు ఆగాడు. తిరిగాడు. ముసుగులోంచి మాట దానంతట అదే బయటపడింది.

"పోయొస్తా—"

"పోయొస్తా నాయనా! పోయొస్తా!" అని ఓబులమ్మ గొంతు చించుకొని అరిచింది.

కొండలు దద్దరిల్లేలా గద్ద అరిచింది. ఎవరి మాటకు అరిచిందో, ఎవరి మాటకు అరవలేదో ఆ గోలలో ఎవరికీ తెలియలేదు. తిప్పన్న ఒక్క గుంజు గుంజాడు. రాకుమారుడు అవతల పడ్డాడు. ఓబులమ్మ జుట్టు అప్పటికే భటుడి పిడికిట్లో ఉంది.

ఆమె పెనుగులాడలేదు. కొడుకు వైపు చూసి, పో అన్నట్టు కళ్ళతో సైగ చేసింది. కర్కటుడు తొందరపడలేదు. నోట్లో వక్కపలుకు పూర్తిగా నమిలి, ఉమ్మి, మూతి తుడుచుకొని, అప్పుడు గిట్ట తెరిచాడు. తిప్పన్న బల్లేల మీద పడబోయాడు. బంటు ఒకడు బల్లెం మడమతో వాడి పొట్టలో పొడిచాడు. టక్కుమన్న చప్పుడు వినపడింది. దాని తరువాత తల్లి గొంతులోంచి వచ్చింది మాట కాదు.

కర్కటుడు గిట్టను పైకెత్తి, అందులో ఉన్నది అటువైపుకు చూపించాడు.

"ఓ వేషగాడా! మీ అమ్మది. తోరణానికి కట్టే ముందర మర్యాదకు అడుగుతాండా. వచ్చి తీసుకపోతావా?"

భటులందరూ నవ్వారు. రానని చెప్పి దాటినవాడు. వస్తానంటే గద్ద అరుస్తుంది, అది ఇంకొక వినోదం. తిప్పన్న రెండు చేతులా కడుపు పట్టుకొని లేచాడు. వాడి పాదాలు ముగ్గు లోపలే ఉన్నాయి.

"వస్తా," అన్నాడు.

గద్ద అరవలేదు.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. భటులు తలలెత్తి చూశారు. అవతలి బంట్లు కూడా చూశారు. రాతి ఈక ఒక్కటి కదల్లేదు. నాలుకల తోరణం మాత్రం గాలికి గలగలమంది.

"మళ్ళా అను," అన్నాడు కర్కటుడు. వాడి గొంతులో మెత్తదనం పోయింది.

"వస్తా. వచ్చి తీసుకపోతా. నీ చెయ్యి కూడా తీసుకపోతా."

గద్ద అరవలేదు.

కర్కటుడు లేచిన ఊపుకు పీట వెనక్కి పడింది. వాడు తిప్పన్నను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన నిశ్శబ్దం ఎట్టకేలకు వాడి చెవినపడింది. ఆ సంబరంలో, ఇందాక ఈ వేషగాడు చెప్పిన మాటలన్నీ మరిచాడు.

"దొరికినావు," అన్నాడు. "రాకుమారా!"

తిప్పన్న ఉలిక్కిపడి వెనక్కి చూడబోయి, ఆగాడు. కర్కటుడి చూపు రాకుమారుడి మీద లేదు. తన మీదే ఉంది. రాకుమారుడు రాళ్ళమీద పడి, చీర మోకాళ్ళ దాకా చిరిగి, పనికిరాని ఆడవేషగాడిలా ఉన్నాడు. అతణ్ణి ఎవరూ చూడటం లేదు.

తిప్పన్న వీపు వెనక చెయ్యి పెట్టి, లోయ వైపు వేళ్ళు ఆడించాడు. పచ్చచీర పొదల్లో జారిపోయిన చప్పుడు వినిపించేదాకా కదల్లేదు. అప్పుడు భుజాలు విప్పాడు. గడ్డం పైకెత్తాడు. ఒంటి మీద రంగు లేదు, తల మీద కిరీటం లేదు, నడుముకు చిరిగిన పంచె ఒక్కటే ఉంది. ఆ పంచెలోనే వాడు కొలువులో నిలబడిన ఏలికలా నిలబడ్డాడు. నేనే రాకుమారుణ్ణి అంటే గద్ద అరుస్తుంది. ప్రశ్నగా అడిగే మాటకైతే అబద్ధమూ లేదు, నిజమూ లేదు.

"ఇంతసేపా కర్కటా," అన్నాడు, "నన్ను ఆనవాలు పట్టడానికి?"

గద్ద అరవలేదు. ఓబులమ్మ రక్తం కారే నోటితో, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. తిప్పన్న బల్లేలను చేత్తో పక్కకు జరిపి, గడప మీద కాలు పెట్టి, ఇటువైపు దిగాడు.

"ఈడికి చాలమ్మా, గొంతారిపోయింది. కువైట్‌లో ఉండే మీ చిన్నత్త శుక్రవారం ఫోన్ చేస్తాది గదా, అప్పుడు ఇదంతా చదివి వినిపించు. ఆ తల్లికి జరిగిన కాడ మింగేసి చదవొద్దు. ఉండేది ఉన్నట్టు చదువు."